బల్బుల్లో బెల్లం రంగు

జ్యోతిలక్ష్మి కుడిచేతి బొటనవేలు కొసన చర్మం చెప్పు అడుగులా గట్టిపడి ఉంటుంది. పెళ్ళయి చీడికాడ పక్క పల్లెటూరి నుంచి అనకాపల్లి వచ్చిన దగ్గర్నుంచీ ఆ వేలితో బల్బులు నొక్కుతూనే ఉంది మరి. నల్లటి బోర్డుకి నిలువునా అడ్డంగా చిల్లులుంటాయి. వెనకవైపు నుంచి ఒక్కో చిల్లులోకి శనగగింజంత బల్బు దూర్చి, టక్కుమనే దాకా నొక్కాలి. అలా వెయ్యికి పైగా నొక్కితే ఒక బోర్డు. దాన్ని పండగనాడు వీధి మొగలో, జనం లోపలికొచ్చే చోట, నిలబెట్టి కరెంటిస్తే నెమళ్ళు ఆడతాయి, తామరపూలు విచ్చుకుంటాయి, చక్రాలు తిరుగుతాయి. పిక్సెల్ బోర్డు అంటారు దాన్ని.

భర్త రాజబాబుది సౌండు, లైటింగు పని. నిచ్చెనలెక్కడం, స్తంభాలకి కట్టడం, కమిటీవాళ్ళ చేత మాట పడడం అతని వంతు. బల్బులు దూర్చడం, చచ్చిపోయిన వాటిని ఏరి కొత్తవి అతకడం, పండగయ్యాక వైర్లు చుట్టలు చుట్టి గోనెసంచుల్లో సర్దడం ఈమె వంతు. బోర్డు ముందువైపు ఏ బొమ్మ ఆడుతోందో జ్యోతిలక్ష్మి ఎప్పుడూ పట్టించుకునేది కాదు. ఆమె ఎరిగింది బోర్డు వీపుని.

పోయిన ఏడాది మాత్రం పట్టించుకోక తప్పలేదు.

బొమ్మలు వీళ్ళు గీసినవి కావు. ఎక్కడో ఎవరో గీసి, మెమొరీ కార్డులో పెట్టి అమ్ముతారు. ఆ కార్డే రాజబాబూ కొన్నాడు, పై వీధిలో లైటింగు పెట్టినవాడూ కొన్నాడు. గౌరీపరమేశ్వరుల పండగనాడు ఈ వీధి మొగలో ఒక నెమలి, నాలుగడుగులేస్తే పై వీధి మొగలో అచ్చం అదే నెమలి. ఇది తోక విప్పితే అదీ విప్పింది. ఇది మెడ తిప్పితే అదీ తిప్పింది. ఊరేగింపు చూడ్డానికొచ్చిన జనం అటూ ఇటూ చూసి ఒకటే నవ్వు.

కమిటీ పెద్ద త్రినాధరావుకి బెల్లం మార్కెట్టులో కొట్టుంది. మాట కొంచెం పదును.

"ఏటి రాజబాబూ, మన నెవలి పై ఈధిలో కూడా ఆడతంది? రెండు సోట్లా కూలి తీసుకుంటందేటి?" అన్నాడు అందరూ వినేటట్టు.

రాజబాబు అప్పటికి నవ్వేసి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక, "నెవలికంటే బుద్ధి లేదే జ్యోతీ. నాకైనా ఉండొద్దా?" అన్నాడు.

ఆమె చారు వడ్డిస్తూ ఆలోచించింది. బోర్డులో ప్రతి బల్బూ నా చేత్తో దూర్చిందే కదా, మరి బొమ్మ ఒకటీ పరాయివాళ్ళది ఎందుకవ్వాలి? ఆ మాట పైకి మాత్రం అనలేదు. అంటే, నువ్వు గీస్తావా అని అడుగుతాడు. ఆమెకి గియ్యడం రాదు. చదువుకున్న బడిలో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు మిగిలిపోయిన పాఠం పూర్తి చేసుకునే పీరియడు. ముగ్గు కూడా తోడికోడలే పెట్టేది. ఈమె కళ్ళాపి చల్లేసి, పూర్తయ్యాక "బాగుందప్పా" అని లోపలికి పోయేది.

వానలు పట్టాయి. పెళ్ళిళ్ళు లేవు, జాతర్లు లేవు. బోర్డులన్నీ గోడకి చేరబడి గోనెపట్టాలు కప్పుకుని నిద్రపోతున్నాయి. ఒక మధ్యాహ్నం ఫోనులో వీడియోలు తిప్పుతుంటే ఎవరో కుర్రాడు గళ్ళ కాగితం లాంటి దాని మీద ఒక్కో గడిలో రంగు నింపుకుంటూ పోయి, చివరికి ఆపిల్ పండు చూపించాడు. మాట్లాడేది హిందీ. నాలుగు మాటల్లో ఒకటి తెలిసింది. గళ్ళు మాత్రం మొత్తం తెలిసిపోయాయి. ఒక గడి అంటే ఒక బల్బు. పడుకున్నదల్లా లేచి కూర్చుంది.

ఆ పనికో యాప్ ఉంటే ఫోనులోకి దించుకుంది. ఆ కుర్రాడు చెప్పినట్టే ఆపిల్ మొదలుపెట్టింది. గుండ్రం గీద్దామంటే గళ్ళు గుండ్రంగా ఉండవు కదా. సాయంత్రం రాజబాబుకి చూపించింది.

"ఇదేటే? ఇటికా?"

"ఆపిలండీ."

"కొరికితే పళ్ళూడొచ్చేత్తాయి."

"నవ్వండి, నవ్వండి. రేపు సూడండి."

మర్నాడూ ఇటుకే. ఆ మర్నాడు మూలలు అరిగిన ఇటుక. వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూస్తే అప్పుడు తట్టింది. పైన పొడుగు వరస, దాని పక్కన కాస్త పొట్టిది, తర్వాత ఇంకా పొట్టిది, మలుపు దగ్గర ఒక్కొక్క గడి. మెట్లు అలా క్రమంగా తగ్గుతూ వచ్చి, మళ్ళీ క్రమంగా పెరుగుతూ పోతే కంటికి గుండ్రం. ఒక్క మెట్టు తేడా వచ్చిందంటే పండు నెత్తికి బొప్పి కట్టినట్టుంటుంది. వీడియోలో కుర్రాడు "ఆరామ్ సే, ఆరామ్ సే" అని నిదానం చెబుతుంటే, "నీకేటి బాబూ, సిన్నప్పట్నుంచీ గీత్తన్నావు" అని పైకే జవాబు చెప్పేది.

తర్వాతి పాఠం నీడ. వెలుతురు ఒకే పక్క నుంచి పడాలి; పడిన చోట లేత రంగు, రెండో పక్క ముదురు రంగు. ఆ పాఠం విన్న దగ్గర్నుంచీ ఆమె చూపు మారిపోయింది. చెంబు ముందు ఆగిపోయేది. టమాటా కోయబోయి, కత్తి పక్కన పెట్టి, కిటికీ వైపు తిప్పి చూసేది. ఒకరోజు రాజబాబు అరుగు మీద పేపరు చదువుకుంటుంటే ఎదురుగా నిలబడిపోయింది.

"ఏటే అలా సూత్తన్నావు?"

"కదలకండి. మీ నెత్తి మీద ఎలుతురు ఎటుపక్క పడతందో సూత్తన్నాను."

"నా బుర్ర నీకు ఆపిలైపోయిందేటే?"

"ఆపిల్‌కి తొడిమైనా ఉంటాది."

లోపల్నుంచి అత్తగారు సోమాలమ్మ పకపకా నవ్వింది. సోమాలమ్మది బుచ్చయ్యపేట వైపు. పుట్టింట చెరకు పండించి బెల్లం వండేవాళ్ళు. అత్తింటికొచ్చాక చాలా ఏళ్ళు బెల్లం మార్కెట్టులోనే పనిచేసింది. ఇప్పుడు మోకాళ్ళు నొప్పులు. అరుగు దిగదు గానీ అరుగు మీద నుంచే అన్నీ నడిపిస్తుంది.

వానలు వెనకబట్టేసరికి జ్యోతిలక్ష్మి ఫోనులో ఆపిలు, మామిడిపండు, స్టీలు గ్లాసు, ఒక హవాయి చెప్పు చేరాయి. సోమాలమ్మ ఫోను దూరంగా పట్టుకుని అన్నీ చూసింది.

"బాగున్నాయే. మరి బెల్లం గియ్యవేటి? ఊరంతా దాని మీద బతుకుతుంటేను!"

నిజమే కదా అనిపించింది. దిమ్మ గియ్యడానికి ఏముంది? పైన సన్నం, కింద వెడల్పు. బక్కెట్టు బోర్లించినట్టుంటుంది. ఆపిల్ మీద అయిన కష్టంలో సగం కూడా అవ్వదనుకుంది.

కార్తీకం వచ్చింది. కమిటీ కూర్చుంది. రాజబాబు వెళ్ళేసరికి త్రినాధరావు నిరుటి నెమలి మాటతోనే ఎదురొచ్చాడట.

"సూడు రాజబాబూ, ఈ ఏడు మన ఈధిదంటూ ఒక బొమ్మ ఉండాల. సూడగానే ఇది ఫలానా అని జనం సెప్పగలగాల. పండక్కి ముందొకసారి మొగలో ఎలిగించి సూపించు. కుదిరిందా సరే. లేదా, ఆ నెవలినే పెట్టు. నవ్వుతారు, నవ్వించుకుందాం."

రాజబాబు కార్డులు అమ్మేవాళ్ళకి ఫోను చేశాడు. కొత్త బొమ్మ గియ్యాలంటే సీజను దాటాక చూద్దామన్నారు. ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

జ్యోతిలక్ష్మి ఫోను తీసి అతని పక్కన పెట్టింది. "నాను గీత్తాను" అంది.

అతను తలెత్తి చూశాడు. నవ్వలేదు. అది చూసే ఆమెకి ధైర్యం వచ్చింది.

"బెల్లం దిమ్మ గీత్తాను. కానీ ఎవురు గీసేరో సెప్పకండి. ఎవురడిగినా సెప్పకండి. జనం సూసి అది బెల్లం అని వాళ్ళంతట వాళ్ళు అన్నారా, అప్పుడు నానే సెప్తాను. అనలేదా, నెవలి ఎక్కించేయండి. నా పేరు ఎక్కడా రాకూడదు."

"అదేటే, అంత భయం?"

"త్రినాధరావుగారు నవ్వితే మీకొక పూట. నాకు కుళాయి కాడ ఏడాదంతా."

ఆ లెక్క రాజబాబుకి అర్థమైంది. ఒట్టేశాడు. ఇంట్లోవాళ్ళు కాక బాబ్జి ఒక్కడికి మాత్రం చెప్పక తప్పలేదు. బాబ్జి రాజబాబుకి వరసకి బావమరిది; జ్యోతిలక్ష్మిని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాడు. లాప్‌టాప్‌లో బొమ్మని బోర్డుకి సరిపడేలా చేసి కార్డులోకి ఎక్కించేది అతనే.

బోర్డు వెనక వైరు ఎలా నడుస్తుందో చెబితే గానీ తర్వాత జరిగింది తెలియదు. కింది వరసలో ఎడమ నుంచి కుడికి బల్బులు వెళతాయి. అంచు దగ్గర వైరు పైకి తిరిగి, రెండో వరసలో కుడి నుంచి ఎడమకి వస్తుంది. మళ్ళీ తిరుగుతుంది. దుక్కిటెడ్లు గట్టు దాకా పోయి, తిరిగి పక్క చాలు పట్టినట్టన్నమాట. జ్యోతిలక్ష్మికి ఇది కళ్ళు మూసుకున్నా తెలుసు. అందుకే దిమ్మని ఒక వారగా ముచ్చటగా గీసుకున్నాక, ఫోను ఒళ్ళో పెట్టుకుని బాగా ఆలోచించింది. వైరు వరస విడిచి వరస వెనక్కి నడుస్తుంది కదా, మరి బొమ్మని కూడా వరస విడిచి వరస తిప్పకపోతే ఎలా? గడి గడీ చెరిపి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చింది. మెడ పట్టేసింది. ఫోనులో బొమ్మ చిందరవందర అయిపోయింది గానీ, బోర్డెక్కితే సర్దుకుంటుందిలే అనుకుంది.

చీకటి పడుతుండగా పెరట్లో బోర్డు నిలబెట్టారు. బాబ్జి కార్డు పెట్టాడు. స్విచ్చి వేశాడు. బోర్డు నిండా పీలికలు.

బాబ్జి తల ఒక పక్కకి వంచాడు. తర్వాత రెండో పక్కకి వంచాడు.

"అప్పా, బెల్లం అన్నావు. సేమియా వచ్చిందేటి?"

"వైరు తప్పు దూర్చేనేటో!" అని ఆమె బోర్డు వెనక్కి పరిగెత్తింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూసుకోకుండానే కార్డుకెక్కించిన బొమ్మని బాబ్జి ఇప్పుడు ఆమె ఫోనులో తీసి చూశాడు. చూసి, పెరటి అరుగు మీద కూర్చుండిపోయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

"వరసలన్నీ సేత్తో తిప్పేవా అప్పా? ఆ తిప్పుడు మిషను సేసుకుంటాది. నువ్వొకసారి తిప్పీసి, అదొకసారి తిప్పీసి..."

"ముందే సెప్పాల కదరా!"

"ఇలా సేసీవోళ్ళు ఉంటారని నాకేటి తెలుసు? గీసీవోళ్ళకి బోర్డు ఎనక తెలీదు. ఎనక తెలిసినోళ్ళు ఎవురూ ఇంతవరకూ గియ్యలేదు."

రాజబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు ఊగుతున్నాయి. కాసేపటికి ఆమెకీ నవ్వాగలేదు. ముగ్గురూ నవ్వుకున్నాక ఆమె కూర్చుని, తిప్పిన వరసలన్నీ మళ్ళీ తిప్పింది. ఈసారి మెడ కింద తలగడ పెట్టుకుంది.

రెండోసారి బోర్డు మీద పీలికలు రాలేదు. ఏదో గుండ్రటిది వచ్చింది. సోమాలమ్మ పెరటి అరుగు మీద నుంచి మెచ్చుకోలుగా తలాడించింది.

"కమలాపండు భలే వచ్చిందే."

"అత్తా, అది బెల్లం."

సోమాలమ్మ మళ్ళీ చూసింది. కోడలి మనసు నొప్పించడం ఇష్టంలేక మాట కోసం కాస్త వెతుక్కుంది. "రాత్రిపూట కదా" అని ఊరుకుంది.

తప్పులు రెండని జ్యోతిలక్ష్మికి తెలిసింది. వీడియో కుర్రాడు ముందు నల్లరంగుతో అంచు గీసుకోమన్నాడు. ఫోనులో అంచు బాగానే ఉంది. బోర్డు మీద నలుపంటే ఆరిపోయిన బల్బు. దిమ్మ అంచూ, పక్కనున్న చీకటీ ఒకటైపోయి మూలలన్నీ కరిగిపోయాయి. అది ఫరవాలేదు, అంచు తీసేస్తే సరి. రెండోది రంగు. ఫోనులో అచ్చం బెల్లంలా ఉన్న రంగు బోర్డెక్కేసరికి నారింజ అయిపోయింది.

"ఆ రంగు బల్బులో లేదప్పా" అన్నాడు బాబ్జి. "ఎరుపుంది, ఆకుపచ్చుంది, నీలముంది. మూడూ కలిపితే తెలుపుంది. బెల్లం రంగు లేదు. వెలుగు తగ్గిత్తే నారింజే మసకబారతాది, అంతే."

ఆమె నమ్మలేదు. కాస్త ఎరుపు కలిపి చూసింది. కాస్త పచ్చ తగ్గించి చూసింది. కమలాపండు, టమాటా, మాగిన తాటిపండు, మళ్ళీ కమలాపండు. బాబ్జి విసుక్కోకుండా కార్డు తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి భోజనానికి వెళ్ళొస్తానన్నాడు.

"పోనీ ఆపిల్ పెట్టేద్దావే" అన్నాడు రాజబాబు మెల్లిగా. "ఎర్రగా బాగుంటాది. ఎవురైనా గుర్తుపడతారు."

"మన ఈధిలో ఆపిల్ ఎవురు పండిత్తారండీ?"

"నెవల్ని మాత్రం ఎవురు పెంచేరు?"

ఆ మాటకి ఆమెకి నవ్వొచ్చింది గానీ, మనసు కుదుటపడలేదు. నెమలి తిరిగొస్తుందనేది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఈ వానల్లో ఆమె నేర్చుకున్నదంతా ఆ ఫోనులోనే ఉండిపోతుంది. గీయడం వచ్చని ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోతే పోయేదేమీ లేదు. అయినా తెలియాలనుంది.

మర్నాడు పొద్దున్న అత్తాకోడళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు. సోమాలమ్మకి కోడలి మౌనం నచ్చలేదు. ఏదో ఒకటి మాట్లాడదామని పుట్టింటి కబురు ఎత్తింది.

"మా అయ్య ఒక కిటుకు సేసీవోడే. ఒక్కో ఏడు మా బెల్లం రంగు తగ్గిపోయీది. బండి తోలుకొని మార్కెట్టుకొచ్చినాక ఎంటనే దింపీవోడు కాదు. మమ్మల్ని బండి కాడే ఉంచి, వరసలన్నీ ఓపాలి తిరిగి సూసొచ్చీవోడు. తెల్లసరుకున్నోడి పక్కన సచ్చినా దింపీవోడు కాదు."

"ఎందుకత్తా?"

"ఎందుకేటే? తెల్లసరుకు పక్కన పడిందంటే మంచి బెల్లం కూడా మాడిపోయినట్టు అవుపడతాది. మనకన్నా నల్లసరుకున్నోడి పక్కన దింపితే అదే బెల్లం మెరుత్తాది. బెల్లం ఒకటే కదా. పక్కనోడిని బట్టి రంగు."

జ్యోతిలక్ష్మి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"మీ అయ్య దేనికైతే భయపడీవోడో, నాకదే కావాల అత్తా" అని లోపలికి పరిగెత్తింది. ఈనెలు తియ్యని చిక్కుళ్ళన్నీ సోమాలమ్మ ఒళ్ళో పడ్డాయి.

ఒక్క దిమ్మని చీకట్లో ఒంటరిగా పెట్టడమే పొరపాటు. పక్కన ఏమీ లేకపోతే మసక నారింజ కూడా దీపంలాగే వెలుగుతుంది. ఫోను తీసి, దిమ్మని ముందుకి జరిపింది. వెనకాల రెండు పక్కలా బాగా తెల్లటి మేలిరకం దిమ్మలు నిలబెట్టింది. కింద తెల్లగుడ్డ పరిచింది. ముందున్న దిమ్మ రంగుని ఒక్క గడి కూడా మార్చలేదు.

రాజబాబు ఫోనులో చూసి పెదవి విరిచాడు. "ఎనకవి కళ్ళలో పొడుత్తన్నాయే. నిన్నటిదే నయం."

"ఫోనులో సూడకండి. సాయంత్రం సూడండి."

సాయంత్రం పెరట్లో స్విచ్చి వేశారు. బాబ్జి ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక దిమ్మలు వెన్నముద్దల్లా తెల్లగా వెలిగాయి. వాటి ముందు, నిన్నటి దాకా కమలాపండుగా ఉన్నది, బెల్లమై కూర్చుంది. అదే బల్బు. అదే వెలుగు. బాబ్జి లాప్‌టాప్ తెరిచి రంగు అంకెలు చూసుకున్నాడు, ఏదైనా మార్చిందేమోనని.

"ఏటి సేసేవప్పా?"

"తెల్లోడి పక్కన దింపేను."

సోమాలమ్మ ఈసారి మాట కోసం వెతుక్కోలేదు. "ఇప్పుడు తినాలనిపిత్తంది" అంది.

జ్యోతిలక్ష్మికి ఆ మాట పాయసంలా దిగింది. అయినా తల అడ్డంగా ఊపింది. "మీకు ముందే తెలుసు కదత్తా, బెల్లమని. తెలీనోళ్ళు అనాల."

వీధి మొగలో చూపించే రోజు వచ్చింది. సరుగుడు కర్రలు పాతి బోర్డు నిలబెట్టారు. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. ఎదురుగా పైడితల్లి బజ్జీల బండి దగ్గర ఆడవాళ్ళు మూగి ఉన్నారు. జ్యోతిలక్ష్మి కూడా నాలుగు మిరపకాయ బజ్జీలు కొనుక్కుని వాళ్ళలో కలిసి నిలబడింది. బోర్డుకి తనకీ ఏ సంబంధం లేనట్టు.

రాజబాబు స్విచ్చి వేశాడు.

పైడితల్లి జల్లిగరిటె పైకెత్తి చూసింది. "ఏటది? గంప కింద కోడిపిల్లలా?"

"కాదొదినా, ఇడ్లీలు. మజ్జన ఒకటి మాడిపోయింది."

"సోఫా సెట్టు కదేటి?"

జ్యోతిలక్ష్మి నోట్లో బజ్జీ నమలడం మర్చిపోయింది. కారం నాలిక మీదే ఉంది. బోర్డు పక్కన రాజబాబు ఆమె వైపు చూశాడు. అతని చెయ్యి చొక్కా జేబు దగ్గరుంది. నెమలి కార్డు ఆ జేబులోనే ఉంది. మార్చమంటావా అన్నట్టు కనుబొమ్మలు ఎత్తాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఇంకొక్క నిమిషం ఆగమని సైగ చెయ్యడానికి కూడా భయమే, ఎవరైనా కనిపెడతారేమోనని.

అప్పుడే వీధికి ఆ చివర నుంచి, మార్కెట్టులో పని ముగించుకుని త్రినాధరావు వస్తున్నాడు. వెంట అతని గుమస్తా పరదేశి, సరుకు మోసే ఇద్దరు కళాసీలు. మార్కెట్టులో వేలం పాట పాడేది ఈ పరదేశే. అతని గొంతు మనిషికన్నా ముందు వస్తుంది. వాళ్ళు ఇంకా చాలా దూరంలో ఉండగానే ఆ గొంతు వినబడింది.

"ఎవుడ్రా అది, మంచు పడే యేళ రోడ్డు మీద సరుకు దింపేసినోడు? తడిసిపోదేటి?"

బండి దగ్గర ఆడవాళ్ళు తలలు తిప్పారు. త్రినాధరావు నడుస్తూ నడుస్తూ ఆగి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఎనక దిమ్మలు మేలిరకంరా. ముందున్నదే దెబ్బతింది."

"పాకం ముదిరిపోయిందండి."

"పాకం కాదురా, ఉప్పునేల సెరుకది. ఆ రంగు సూడు."

"ఉప్పునేలదైతే అంత గట్టిగా నిలబడదండి. పెనం కింద మంటెక్కువై ఉంటాది" అన్నాడు ఒక కళాసీ. రెండోవాడు ఒప్పుకోలేదు. నలుగురూ వీధి మధ్యలో నిలబడిపోయి, ఆ దిమ్మ ఎందుకు రంగు తగ్గిందో తేల్చుకునే పనిలో పడ్డారు. వెనక ఆటో హారన్ కొడుతున్నా జరగలేదు.

పైడితల్లి గరిటె బండి మీద పెట్టి, వాళ్ళ దాకా నడిచి, అక్కణ్నుంచి తిరిగి చూసింది.

"ఓలమ్మా! బెల్లమే! ఇలా రండే, ఇక్కణ్నుంచి సూడండి!"

ఆడవాళ్ళంతా బజ్జీ పొట్లాలతో సహా అటు పరిగెత్తారు. దగ్గర్నుంచి ఉత్త చుక్కలుగా ఉన్నవి అక్కడికి వెళ్ళేసరికి కలిసిపోయి దిమ్మలయ్యాయి. "ఔనే!" "నాను ముందే అనుకున్నాను." "సోఫా అన్నావు కదే!" జ్యోతిలక్ష్మి కూడా అందరితోపాటు వెళ్ళింది.

జనం చేరేసరికి పరదేశికి హుషారొచ్చింది. భుజం మీద తువ్వాలు దులిపి, మార్కెట్టులో చేసినట్టే గొంతెత్తాడు.

"సరుకు సూసుకోండి బాబూ, సూసుకోండి! ముందు దిమ్మకి పాట! అడిగినోళ్ళకి అడిగినంత!"

ఒక కళాసీ ఒక ధర అన్నాడు. పైడితల్లి దానిమీద ఇంకొంచెం పాడింది. "నీ డబ్బులు బజ్జీల నూనెకే సాలవు, నీకెందుకే బెల్లం" అని ఎవరో అంటే, ఆవిడ పంతానికి ఇంకా పెంచింది. చివరికి త్రినాధరావు చెయ్యెత్తాడు.

"నాకే కొట్టీ."

"త్రినాధరావుగారికి పాట! రైతెవురు బాబూ? రైతు ముందుకి రావాల! ఎవురిదీ సరుకు?"

వీధి నవ్వుతోంది. నవ్వుతూనే అందరూ రాజబాబు వైపు చూశారు. రాజబాబు ఒట్టేసిన మనిషి. ఆకాశంలో ఏదో కొత్తగా కనబడినట్టు తలెత్తి నిలబడ్డాడు.

జ్యోతిలక్ష్మి చేతిలో పొట్లం పైడితల్లికి ఇచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"నాదే, బాబూ" అంది.

"నీదేటమ్మా?" అన్నాడు త్రినాధరావు.

"సరుకు. నానే గీసేను."

త్రినాధరావు ఆమెని చూశాడు, బోర్డుని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. అతని మొహంలో పరాచికం పోయింది. మార్కెట్టులో పెద్ద రైతు ఎదురొస్తే ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు.

"పాట నాకొచ్చిందమ్మా. రైతు ఒప్పుకోవాల కదా. ఇత్తావా మరి?"

జ్యోతిలక్ష్మి బోర్డు వైపు తిరిగింది. ఇంత దూరం నుంచి తన బొమ్మని చూడడం ఆమెకీ అదే మొదటిసారి. కళ్ళు చికిలించి చూసింది. రెండడుగులు వెనక్కి వేసింది. మళ్ళీ ఒకడుగు ముందుకొచ్చింది.

"ఇవ్వను బాబూ" అంది. "ఎడం పక్క పడాల్సిన నీడ తప్పింది. ఎలుతురు కుడి నుంచి పడతందా, గుడ్డ మీద నీడ కూడా కుడి పక్కనే ఏసీసేను. రేపు సరిజేత్తాను."

"రైతు ఒప్పుకోలేదు!" అని అరిచాడు పరదేశి. "సరుకు ఈ మొగలోనే ఉంటాది బాబూ, పండగయ్యేదాకా కదల్దు!"

జనం గొల్లుమన్నారు. పైడితల్లి ఆమె భుజం పట్టుకుని ఊపేస్తూ, ఎప్పుడు నేర్చుకున్నావే, నాకు మాటమాత్రం చెప్పలేదేమే అని అడుగుతోంది. జ్యోతిలక్ష్మి ఆఁ, ఊఁ అంటోంది గానీ, ఆమె చూపంతా ఎడమ పక్క తెల్లగుడ్డ మీదే ఉంది.